ఆదివారం ఫోర్కుల పని, చదివి రిప్లై ఇవ్వండి

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ ఆదివారం ఉదయం 7కి తిరుచానూరు రోడ్డు షెడ్డులో పాత బుల్లెట్, యెజ్డీ బైకుల ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు తీసుకునే స్ప్రింగు గొట్టాల) పని పెట్టుకున్నాం. ఎండ ముదరకముందే ముగించాలి.

కొత్త స్ప్రింగులు కొనేముందు ఫోర్కు పైపుల్ని గోటితో గీరి చూడండి, క్రోమ్ మీద తుప్పు గుంటలు తగిలితే ఎంత మంచి ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) వేసినా చిరిగి ఆయిల్ కారుతుంది, డబ్బులు దండగ. ముందుభాగం కుంగితే ఫోర్కులో చిక్కటి ఆయిల్ పోస్తే చాలంటారు కొందరు, అది ఫోర్కు కదలికను నెమ్మది చేస్తుందంతే, బరువు మోసేది స్ప్రింగే కదా! రెండు వైపులా ఆయిల్ ఒకే మట్టంలో ఉండాలి.

సీళ్లు, ఆయిల్, పాతగుడ్డలు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి. ఇంజిన్ కింద పెట్టే చెక్కదిమ్మెలు నా దగ్గరున్నాయి. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు బండి మోడల్, సంవత్సరం ఇక్కడ పెట్టండి.

పనయ్యాక చంద్రగిరి కోట దాకా ఓ రౌండు. ముందు చక్రం బ్రేకు పట్టి చూసుకోకుండా ఎవరూ రోడ్డెక్కొద్దు.