వారానికోసారి వచ్చే ఆ వేడిని ఆపేయకండి

సంపాదకులకు,

కరెంటు ఖర్చు తగ్గించుకునే మార్గాలంటూ ఇటీవల మీ పత్రికలో వేసిన చిట్కాల్లో ఒకటి నన్ను కలవరపెట్టింది. "వేడినీటి ట్యాంకును 45 డిగ్రీలకు తగ్గించి పెట్టుకోండి, స్నానానికి అంతకన్నా అక్కర్లేదు" అని రాశారు. స్నానానికి అక్కర్లేదన్నది నిజమే. ట్యాంకుకు మాత్రం కావాలి. పంతొమ్మిదేళ్లుగా పెద్ద భవనాల్లో బాయిలర్లు, వేడినీటి ట్యాంకులు, వాటిని నడిపే కంట్రోలర్లు చూసుకునే పనిలో ఉన్నాను. అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

నీళ్లలో ఉండే లెజియోనెల్లా అనే బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. ట్యాంకు అడుగున పేరుకునే మడ్డి, తుప్పు దానికి మంచి ఇల్లు. ఆ నీళ్లు తాగడం కన్నా షవర్ తుంపరలను పీల్చడమే ప్రమాదం, ఊపిరితిత్తులకు పట్టుకుంటుంది. 1976లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ మాజీ సైనికుల సమావేశానికి వెళ్లినవాళ్లు వరుసగా న్యుమోనియాతో పడిపోయారు. కారణమైన క్రిమి మరుసటి ఏడాదిగానీ పట్టుబడలేదు. దాని పేరు అక్కడి నుంచి వచ్చిందే. 60 డిగ్రీల దగ్గర అది నిమిషాల్లో చావడం మొదలుపెడుతుంది, 70 దాటితే దాదాపు వెంటనే చస్తుంది. మంచి కంట్రోలర్లలో వారానికోసారి ట్యాంకును 60 నుంచి 70 డిగ్రీల దాకా తీసుకెళ్లి కాసేపు అక్కడే నిలిపే ఏర్పాటు ఉండేది ఇందుకే.

ఒక హాస్టల్‌కి వెళ్లినప్పటి సంగతి చెబుతాను. అక్కడి కేర్‌టేకర్ నన్ను చూడగానే, "మంగళవారం రాత్రుళ్లు నీళ్లు కాలిపోయేవి సార్, మీ మిషన్ పాడైంది, అందుకే ఆపేశాం" అన్నాడు. కంట్రోలర్ తెర మీద చూస్తే వారానికోసారి వేడితో చేసే ఆ శుద్ధి 'ఆఫ్'లో ఉంది, ట్యాంకు 44 డిగ్రీలు. ఆపి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు తిప్పితే మొదటి బకెట్టు గోధుమరంగులో వచ్చింది. ఆ గదుల్లో పిల్లలు రోజూ షవర్ కిందే స్నానం చేస్తున్నారు. నాకు కాళ్లు వణికాయి.

కేర్‌టేకర్ తప్పు కాదది. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కూడా కొద్ది సెకన్లలోనే బొబ్బలెక్కిస్తాయి, పిల్లలకు ఇంకా తొందరగా. అతను భయపడ్డది సరైనదానికే. అయితే ఆ భయానికి మందు వేడి ఆపడం కాదు. కుళాయిలు, షవర్ల దగ్గర చన్నీళ్లు కలిపి ఇచ్చే మిక్సింగ్ వాల్వులు ఉండాలి, అక్కడ అవి లేవు. కట్టినవాళ్లు పెట్టలేదు, మేమూ అంతకుముందు పట్టించుకోలేదు. వాల్వులు పెట్టించి, శుద్ధిని ఎవరూ కుళాయి తిప్పని వేళకు, రాత్రి రెండింటికి మార్చాను. ఆ సమయంలో నీళ్లను పైపుల్లో తిప్పే పంపు కూడా నడిచేలా చేశాను. ట్యాంకు ఒక్కటే కాగి, చివరి గది దాకా ఉన్న పైపు చల్లగా మిగిలితే ఆ పైపులోని క్రిమి అలాగే ఉంటుంది. ఈ సంగతి మా పనివాళ్లలోనే చాలామంది మరచిపోతారు.

అర్థంకాని పని చూడగానే మనవాళ్లు మిషన్ చెడిందనుకుని ఆపేస్తారు, అదే నా బాధ. ట్యాంకు కాగుతున్నంతసేపు గదుల హీటింగ్ ఆగితే ఫోన్ చేస్తారు. నీళ్లకు ముందు వంతు ఇవ్వమని సెట్ చేసి ఉంటుంది, ట్యాంకు కాగగానే గదుల వంతు వస్తుంది. వేసవిలో హీటింగ్ పంపు ఎప్పుడైనా కొన్ని సెకన్లు గుర్రుమంటే మెయిన్ స్విచ్చే కట్టేస్తారు. నెలల తరబడి కదలకపోతే పంపు బిగుసుకుపోతుంది కాబట్టి కంట్రోలరే దాన్ని కాస్త తిప్పి వదులుతుంది. కట్టేసిన చోట చలికాలం మొదటిరోజున నేను ఇరుసు పట్టుకుని స్క్రూడ్రైవర్‌తో తిప్పాల్సి వచ్చేది.

చిన్న గీజరు పెట్టుకుని, కాగిన నీళ్లు ఏ రోజుకారోజు వాడేసే ఇళ్లకు ఇంత భయం అక్కర్లేదు. పెద్ద ట్యాంకు, పొడవాటి పైపులు, సెలవుల్లో నీళ్లు కదలకుండా నిలిచిపోయే హాస్టళ్లు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు మాత్రం మీ చిట్కాను చదివి పాటిస్తే ముప్పే. ట్యాంకులో 60, కుళాయి దగ్గర మిక్సింగ్ వాల్వు అన్న రెండు మాటలను సవరణగా వేయమని ప్రాధేయపడుతున్నాను. ఖర్చు తగ్గించుకోవాలంటే ట్యాంకుకూ పైపులకూ మందంగా ఇన్సులేషన్ చుట్టించమని రాయండి, దానివల్ల ఎవరికీ హాని లేదు.

– ఒక మెయింటెనెన్స్ మెకానిక్