రేకుపెట్టెలో కార్లు

అనంతపురం,
ఆదివారం

చిన్నీ,

పాత పేపర్ల అతను వచ్చాడు. పేపర్లూ, మీ అమ్మ వారపత్రికలూ తూకానికి వేశాను. నువ్వు ఇచ్చేయమన్న రేకుపెట్టె మాత్రం ఇవ్వలేదు. ఎందుకో ఫోన్లో చెబితే నవ్వుతావని రాస్తున్నా.

అందులో ఉన్నవి మీ అబ్బ దాచుకున్న కార్ల బ్రోచర్లు. ధర్మవరం చీరలు తీసుకుని బెంగళూరు పోయేవాడు కదా, బాకీలు వసూలు చేసుకున్నాక తిరుగు బస్సుకు టైముంటే ఏదో ఒక షోరూంలో దూరేవాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో మూట. అచ్చం కొనేవాడిలాగే మైలేజీ, సీట్లు, స్టెప్నీ అన్నీ అడిగి, ఒక బ్రోచర్ పట్టుకుని బయటపడేవాడు. జన్మలో ఆయన కొన్నది రెండు సైకిళ్లు.

నిన్న మధ్యాహ్నమంతా ఆ పెట్టె ముందే కూర్చున్నా. అన్నిటికంటే నలిగిపోయింది డాల్ఫిన్‌ది. బెంగళూరు సిపాని వాళ్లు 1982లో తెచ్చిన రెండు తలుపుల బుడ్డ కారు. ఇంగ్లండులో రిలయంట్ కిటెన్ అనే దాన్నే ఇక్కడ తయారుచేశారు, 848 సీసీ ఇంజను. ఒళ్లంతా ఫైబరే, కాబట్టి తుప్పు పట్టదు. అబ్బ ఆ మాట కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్నాడు. "మన ఎండకు కరగదా?" అని అవ్వ అడిగినందుకు రెండ్రోజులు మాట్లాడలేదట! వెనక అట్ట మీద ఆయన రాత: జరీ 4 మార్కులు (జరీ తూకం లెక్క), బస్ చార్జీ, ఇంటికి కళ్ల మందు.

అంతకుముందు ఆ కంపెనీకి సన్‌రైజ్ అని పేరున్నప్పుడు మూడు చక్రాల బాదల్ చేశారు. ముందు ఒక చక్రం, వెనక రెండు, ఆటోకు కోటు తొడిగినట్టుంటుంది. దాని బ్రోచర్ దొరకలేదని అబ్బకు చివరిదాకా వెలితే. 1983 డిసెంబరులో మారుతి 800 నాలుగు తలుపులతో దిగాక డాల్ఫిన్‌ను అడిగేవాళ్లు తగ్గిపోయారు.

మద్రాసు స్టాండర్డ్ 2000 బ్రోచర్ కూడా ఉంది, 1985 నాటి కారు. ఒడ్డూపొడుగూ ఇంగ్లండు రోవర్‌వి, లోపల మాత్రం పాత వాన్‌గార్డ్ కారు ఇంజను. పైన పటారం, లోన లొటారం. బొమ్మలో బానెట్ మూసి ఉంటుంది కదా మరి. 1988కల్లా ఆ ఫ్యాక్టరీయే మూతపడింది.

నువ్వు బొమ్మల పనిలో ఉన్నావు కాబట్టి ఇంకోటి చెబుతా. అమెరికాలో పాంటియాక్ కార్ల ప్రకటనలకు 1959 నుంచి 1971 దాకా ఇద్దరు బొమ్మలు వేశారు. కార్లు ఆర్ట్ ఫిట్జ్‌ప్యాట్రిక్, మనుషులూ వెనక దృశ్యాలూ వాన్ కాఫ్‌మన్. ఉన్నదానికంటే వెడల్పు కనిపించేలా కావాలనే సాగదీసేవాళ్లు. మీ కంప్యూటర్లు రాకముందే, చూశావా!

వచ్చే నెల కారు బుక్ చేస్తానంటున్నావు. షోరూంలో అచ్చేసిన బ్రోచర్ ఉందేమో అడుగు. ఫోనుకు పంపుతామంటారు, ఊరుకోకు. మడత పెట్టకుండా తీసుకురా. పెట్టెలో పైన కొంచెం చోటుంది.

నాయన