68,000 చూపించిన మీటరు గురించి ఫిర్యాదు

విశాఖపట్నం

బ్రాంచ్ మేనేజర్ గారికి,

విషయం: మీ దగ్గర కొన్న 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్ కారు మీటరు వెనక్కి తిప్పి ఉండటం, డబ్బు వాపసు కోరడం గురించి.

అయ్యా,

గత నెల రెండో శనివారం మీ దగ్గర 3,45,000 రూపాయలకు ఈ బండి కొన్నాను. ఆ రోజు మీటరు మీద 68,214 కిలోమీటర్లు ఉంది. బిల్లులోనూ అదే అంకె వేసి స్టాంపు కొట్టి ఇచ్చారు. 2021లోనే ఆ బండి 1,38,000 దాటేసిందని చెప్పే కాగితం ఇప్పుడు నా చేతిలో ఉంది.

ఫోన్ చేస్తే మీ సేల్స్ కుర్రాడు "పాత బండి కొని ఇప్పుడు ఇలా అడిగితే ఎలా సార్" అన్నాడు. పాత బండి అని నాకు తెలియక కాదు. నేనుండేది మధురవాడ, ఉద్యోగం పరవాడ ఫార్మాసిటీలో. హనుమంతవాక, ఎన్ఏడీ, గాజువాక దాటుకుంటూ రానూ పోనూ రోజుకి 80 కిలోమీటర్లు. నా షిఫ్టు టైముకి కంపెనీ బస్సు లేదు. పెట్రోలు బండైతే లీటరుకి 16 వేసుకున్నా రోజుకి 5 లీటర్లు తాగుతుంది. డీజిల్ 20 ఇస్తే 4 లీటర్లతో సరి, పైగా లీటరు దగ్గర పది రూపాయలకు పైనే తేడా. రోజుకి నూటయాభై మిగిలినా నెలకి పాతిక రోజులకి 3,750. పిల్లాడి ట్యూషన్ ఫీజు అందులోనే వెళ్లిపోతుందని లెక్క వేసుకున్నాను. ఊళ్లో కూరగాయలకి తిరగడానికైతే డీజిల్ జోలికే వెళ్లేవాణ్ణి కాదు.

నాలుగు నెలలు బండ్లు చూశాను. ఫిగో నచ్చింది గానీ, ఫోర్డ్ వాళ్లు 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామన్నాక పార్టుల కోసం తిరిగే ఓపిక లేక వదిలేశాను. స్విఫ్ట్‌లో ఉన్న 1,248 సీసీ ఇంజిన్ ఫియట్‌ది. రిట్జ్, డిజైర్, ఇండికా విస్టా, పుంటో అన్నిట్లోనూ అదే వచ్చింది కాబట్టి దాన్ని విప్పడం రాని మెకానిక్ ఊళ్లో ఉండడు. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది, ఎవరు కొన్నా పాతదే కొనాలి. చివరికి రెండు బండ్లు మిగిలాయి. ఒకటి అక్కయ్యపాలెంలో ఒక రిటైర్డ్ ఉద్యోగిది. 1,20,000 తిరిగింది, సర్వీసు బుక్కుతో సహా మీ రేటు కంటే 40,000 తక్కువకే ఇస్తానన్నాడు. రెండోది మీది. నిజం చెప్పినాయన బండి వదిలేసి మీ దగ్గరికి వచ్చాను. ఇప్పటికీ నా కడుపు మండేది దీనికే.

బండి చూడటానికి పదింటికి వస్తానంటే మీ కుర్రాడు పదిన్నరకి రమ్మన్నాడు. వచ్చి బానెట్ మీద చెయ్యి పెడితే కాలింది. "ఇప్పుడే కడిగి తెచ్చాం సార్" అన్నాడు. కడిగితే చల్లబడాలి గానీ వేడెక్కుతుందా అని నాకు తట్టలేదు. ఆ తప్పు నాదే. టెస్ట్ డ్రైవ్‌కి సింహాచలం కొండ ఎక్కిద్దామన్నాను. టైము లేదని బీచ్ రోడ్డులో తిప్పి తీసుకొచ్చేశాడు. డాక్టరు గారు వాడిన బండి అని కూడా చెప్పాడు. ఈ ఊళ్లో అమ్మకానికొచ్చే ప్రతి బండీ డాక్టరు గారిదే!

డెలివరీ రోజు సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, అటునుంచి అటే అప్పన్న దర్శనానికి బయల్దేరాం. ఘాట్ రోడ్డు సగంలో బండి లాగడం మానేసింది. సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ అరుపే తప్ప కదలిక లేదు, క్లచ్ కాలిన వాసన. వెనకాల బైకు మీద వస్తున్న అబ్బాయి మొహానికి కండువా అడ్డం పెట్టుకుని పక్కకి వచ్చి, "అన్నా, పొగ చూసుకో" అని చెప్పి పోయాడు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు చప్పుడు. నేను వచ్చేలోగా ఇంజిన్ వేడెక్కించి ఈ చప్పుడు దాచడానికే పదిన్నరకి రమ్మన్నాడని అప్పుడు అర్థమైంది.

కంచరపాలెంలో నాకు తెలిసిన మెకానిక్ ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీశాడు. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు పొగ. తర్వాత ఏమీ మాట్లాడకుండా డ్రైవర్ సీటు కొత్త కవరు జిప్పు లాగి చూపించాడు. కింద సీటు అంచు చిరిగి, స్పాంజి నలిగి పోయి ఉంది. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలే లేవు, అరిగి నున్నగా అయిపోయింది. "ఇది అరవై వేలు తిరిగిన బండి కాదు బాబూ" అని, టార్చి వేసి బానెట్ లోపలి వైపు చూపించాడు. సగం చిరిగిన ఆయిల్ స్టిక్కరు. తర్వాతి సర్వీసు 1,56,000 అని బాల్‌పెన్నుతో రాసి ఉంది. మీ వాళ్లు బండంతా పాలిష్ పెట్టారు గానీ ఆ స్టిక్కరు పీకడం మరిచిపోయారు.

ఆ అంకె పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి పాత సర్వీసుల రికార్డు తీయించాను. అందులో చివరి ఎంట్రీ 2021లో, 1,38,412 కిలోమీటర్లు. టర్బో, టైమింగ్ చైన్, క్లచ్ కలిపి 78,000 అవుతుందని మెకానిక్ అంచనా. రికార్డు, స్టిక్కరు ఫోటో, అంచనా కాగితం, మీ బిల్లు కాపీలు దీనికి జతచేశాను.

డెలివరీ నోట్‌లో 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్మినట్టు నేను సంతకం పెట్టానని మీ వాళ్లు గుర్తుచేశారు. పెట్టాను. మరి మీటరు ఉన్నది ఉన్నట్టు ఉందా?

బండి వెనక్కి తీసుకుని నా 3,45,000, ఇన్సూరెన్స్ మార్పిడికి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వండి. రిపేరు చేసిస్తాం, కొంత తగ్గిస్తాం అనే బేరాలు వద్దు. బండి పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద నా సంతకాలు మీ దగ్గరే ఉన్నాయి, ఆర్సీ ఇంకా నా పేరుకి మారలేదు. ఆ ఫైలు ఆర్టీఓ ఆఫీసులో పెట్టకండి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకి రవాణా శాఖ ఇచ్చే అధికార పత్రం ఉండాలి కదా, మీ దాని కాపీ కూడా పంపండి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, నేనుండే ఊళ్లోనే వేసుకోవచ్చు. మీ హెడ్డాఫీసు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు.

బండి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది. నేను మళ్లీ రెండు బస్సులు మారి డ్యూటీకి వెళ్తున్నాను. వారంలో ఇస్తామన్న రెండో తాళంచెవి ఇంకా మీ దగ్గరే ఉంది. దాన్ని మీరే ఉంచుకోండి, బండి తీసుకెళ్లడానికి పనికొస్తుంది.

ఇట్లు,
మీ బిల్లులో పేరున్న కొనుగోలుదారు