మొహం కదలకపోతే మార్కులు కోస్తారా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ బెంగళూరు సంచికలోని ఉద్యోగ సలహాల శీర్షికలో, వీడియో ఇంటర్వ్యూలలో నెగ్గలేకపోతున్న అభ్యర్థుల గురించి రాస్తూ ‘పోకర్ ఫేస్’, ‘డెడ్‌పాన్’, ‘బ్లాంక్ ఫేస్’ అనే మాటలను, మొహంలో ఏ భావమూ కనిపించకపోవడమనే ఒకే లోపానికి మారుపేర్లుగా వాడారు. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కుంటున్న తెలుగు పిల్లలు ఆ శీర్షికను శ్రద్ధగా చదువుతారు కనుక ఈ లేఖ రాయవలసి వచ్చింది.

పోకర్ ఫేస్ పేకాట బల్ల దగ్గర పుట్టిన మాట. చేతిలో ఎలాంటి ముక్కలు పడ్డాయో ఎదుటివాడికి తెలియనివ్వకుండా బుద్ధిపూర్వకంగా దాచుకునే మొహం అది; మన రమ్మీ ఆటగాళ్లకు ఈ విద్య ఒకరు నేర్పనక్కరలేదు. డెడ్‌పాన్‌లోని ‘పాన్’ మొహానికి అమెరికన్ల వాడుక మాట. తాను నవ్వకుండా ఎదుటివారిని నవ్వించే నటుడి నేర్పు అది, మూకీ చిత్రాల కాలంలో హాస్యనటుడు బస్టర్ కీటన్ దానికే పేరు పొందాడు. ఈ రెండూ మనిషి కోరి తెచ్చుకున్నవి.

వైద్యులు ‘మాస్క్ ఫేస్’ అనేది వీటి కోవలోది కాదు. పార్కిన్సన్స్ వ్యాధిలో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోయి, కండరాల కదలిక మందగించడం వల్ల ముఖకవళికలు సన్నగిల్లుతాయి, రెప్పపాటు తగ్గుతుంది, గొంతు కూడా చిన్నబోతుంది; లోపలి సంతోషం, దుఃఖం మాత్రం ఎక్కడికీ పోవు. ఇది ముసలివాళ్ల జబ్బు, ఉద్యోగాలతో దానికేం పని అని కొట్టిపారేయడానికి లేదు, 50 ఏళ్ల లోపు వారికీ వస్తుంది. మూతి వంకరపోయే బెల్స్ పాల్సీ వచ్చినవారికి, మోబియస్ సిండ్రోమ్ వల్ల పుట్టుకతోనే నవ్వలేనివారికి ఉన్న చిక్కు కూడా ఇలాంటిదే. వీరిని ‘పోకర్ ఫేస్’ అనడమంటే ఏదో దాస్తున్నారని నింద వేయడమే.

అభ్యర్థి మొహాన్ని సాఫ్ట్‌వేర్ చేత చదివించి మార్కులు వేయించే పద్ధతి వచ్చాక ఈ నింద మరింత బరువెక్కింది. అమెరికాలో ఇలాంటి ఇంటర్వ్యూలకు పేరుపడ్డ హైర్‌వ్యూ సంస్థ ముఖకవళికల విశ్లేషణను మానుకున్నట్లు 2021 జనవరిలో ప్రకటించింది. ఉద్యోగ స్థలాల్లో, విద్యాసంస్థల్లో మనుషుల భావోద్వేగాలను ఏఐతో అంచనా కట్టడాన్ని, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది. మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో పార్కిన్సన్స్ ఉంది. బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు రెప్పలు ఆర్పలేకపోయిన యాసిడ్ దాడి బాధితురాలి కేసులో, డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. రెప్పపాటు విషయంలో ఒప్పుకున్న న్యాయం చిరునవ్వు విషయంలో చెల్లదా?

కాబట్టి ఇంటర్వ్యూలో మొహాన్ని సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుందో లేదో కంపెనీలు అభ్యర్థికి ముందే రాతపూర్వకంగా చెప్పాలనీ, వద్దన్నవారికి ఫోనులోనో నేరుగానో మాట్లాడే అవకాశం ఇవ్వాలనీ కర్ణాటక కార్మిక శాఖ ఆదేశించాలని కోరుతున్నాను. మీ శీర్షికలో ఈసారి ‘నవ్వుతూ మాట్లాడండి’ అనే సలహా పక్కనే, నవ్వలేనివారు ఆ సంగతిని దరఖాస్తులోనే తెలిపి వేరే ఏర్పాటు కోరవచ్చని ఒక వాక్యం చేర్చగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు