మారుతి జిప్సీ ఉన్నవాళ్లకు, వర్షాలు మొదలయ్యేలోపు

అందరికీ నమస్కారం. డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరిగేలా చేసే గేర్ల అమరిక) ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. మార్చుకోవచ్చు. కాకపోతే ముందు కొత్త ఆయిల్ పోయడానికి పైనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి, ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పండి. ఉన్న ఆయిలంతా దిగిపోయాక ఫిల్లర్ మొరాయించిందనుకోండి, బండిని మెకానిక్ దాకా నడుపుకుంటూ కూడా వెళ్లలేరు.

దిగిన ఆయిల్ పాలెక్కువైన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకోవద్దు, యాక్సిల్ మీదుండే బ్రీదర్ (లోపలికీ బయటికీ గాలి ఆడే దారి) కూడా చూడండి. వేడెక్కిన యాక్సిల్ వాగులోకి దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదర్ మట్టితో పూడిపోయి ఉంటే యాక్సిల్ సీల్స్ సందుల్లోంచి నీళ్లను లోపలికి లాగుతుంది. కొత్త సీల్స్ వేసినా మళ్లీ అదే కథ.

పొడి తారురోడ్డు మీద ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి) వేయకండి. ముందు, వెనక యాక్సిల్స్‌ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ జిప్సీకి లేదు. మలుపుల్లో ఆ ఒత్తిడంతా ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది.

ఇక పెద్ద టైర్ల మోజు. 205/70 ఆర్15 సైజు టైర్లు తీసి 235/75 వేస్తే చక్రం దాదాపు 10 శాతం పెద్దదవుతుంది. మీటర్ 60 చూపిస్తుంటే బండి 66లో పోతుంటుంది, పికప్ తగ్గుతుంది. నన్నడిగితే ఆ డబ్బు బ్రేకుల మీద పెట్టడం నయం.

జాక్ స్టాండ్లు (ఎత్తిన బండిని మోసే స్టాండ్లు) ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే గ్రూపులో చెప్పండి. ఒట్టి జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి దూరొద్దు.