గేమ్‌మాస్టర్ల సంఘం వార్షిక నివేదిక: సుదీర్ఘ క్యాంపెయిన్ల నిర్వహణకు వనరులు

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఏళ్ల తరబడి సాగే ఫాంటసీ క్యాంపెయిన్ (ఒకే బృందం విడతలుగా కొనసాగించే పాత్రధారణ ఆట) మధ్యలో ఆగిపోకుండా నడవాలంటే, ఆ ఆటను నడిపే గేమ్‌మాస్టర్‌కు ఏ సామగ్రి నిజంగా అక్కరకు వస్తుందో పరిశీలించి, దాన్ని సభ్యులందరికీ అందుబాటులోకి తేవాలని గత సర్వసభ్య సమావేశం కార్యవర్గాన్ని ఆదేశించింది. పాత్రధారణ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయిన నాటి నుంచి మ్యాపులు, పట్టికలు, రాక్షసుల వివరాలు, సిద్ధ సాహసాలు కొల్లలుగా వెలువడుతూనే ఉన్నాయి కాబట్టి వాటికి కొరత లేదు. పదో సెషన్‌లో, అంటే పదో విడత ఆటలో, ఒక పాత్ర ఇచ్చిన మాట నలభయ్యో సెషన్ నాటికి కూడా గేమ్‌మాస్టర్ దృష్టిలో ఉండేలా చేసే ఏర్పాటే చాలా ఆట బల్లల దగ్గర కరవైంది. అందువల్ల ఈ ఏడాది మన శ్రమలో పెద్ద భాగం నమోదు పద్ధతుల మీదనే పెట్టాము.

సంఘం రూపొందించిన సెషన్ నమోదు పత్రం ఒక్క పేజీకి మించదు. జరిగిన కథంతా అందులో రాయనక్కర్లేదు. ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారు, ఏ రహస్యం ఎవరికి తెలిసిపోయింది, ఏ పని సగంలో ఆగింది, కథాలోకంలో ఆ రోజు ఏ తేదీ అన్నవి చాలు. యుద్ధం ఎన్ని రౌండ్లు నడిచిందో ఆరు నెలల తర్వాత ఎవరికీ అవసరపడదు, కానీ ప్రాణాలతో వదిలేసిన బందీ పేరు తప్పకుండా అవసరపడుతుంది. సెషన్ ముగిసిన వెంటనే, ఆటగాళ్లు ఇంకా బల్ల దగ్గర ఉండగానే ఈ పత్రం నింపాలని మా సలహా. తరువాతి సెషన్ మొదట్లో గతాన్ని గుర్తుచేసే పని మాత్రం గేమ్‌మాస్టర్ చేయకుండా ఒక్కోసారి ఒక్కో ఆటగాడికి అప్పగించాలి. వాళ్లు ఏది ముందుగా చెప్పారో, ఏది అసలు చెప్పలేదో వింటే, కథలో ఏ పోగు ఇంకా బతికి ఉందో గేమ్‌మాస్టర్‌కు తెలుస్తుంది. గేమ్‌మాస్టర్ నడిపే పాత్రలైన ఎన్‌పీసీల కోసం విడిగా చిన్న కార్డులు తయారుచేశాము. పేరు, ఆ వ్యక్తి కోరుకునేది, మాటతీరు, చివరిసారి కనిపించిన చోటు అన్న నాలుగు వివరాలకే వాటిలో చోటు ఉంది.

ఈ పత్రాలకు తోడుగా కథాలోకపు క్యాలెండర్‌ను కూడా అందించాము. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాల ప్రకారం మామూలు వేగంతో నడిచే బృందం రోజుకు 24 మైళ్లు వెళ్తుంది. మ్యాపులో ఒక్కో షట్కోణ గడి 6 మైళ్లయితే, చదునైన నేల మీద అది రోజుకు నాలుగు గడుల ప్రయాణం. ఈ లెక్క తేదీల్లోకి మారినప్పుడే ప్రతినాయకుడికి కూడా కాలం నడుస్తుంది. అతని పన్నాగానికి ఆరు లేదా ఎనిమిది భాగాలుగా విడదీసిన వృత్తాన్ని గీసి, బృందం పట్టించుకోకుండా గడిపిన ప్రతి వారానికీ ఒక భాగం నింపడం సభ్యులకు బాగా పనికొచ్చిన పద్ధతి. నదీ ముఖద్వారాన్ని ఆక్రమించాలనుకునే సామంతుడి వృత్తం సగం నిండగానే పడవల సుంకం పెరుగుతుంది, పూర్తిగా నిండితే రేవు అతనిదవుతుంది. బృందం అడ్డుపడితే ఆ వృత్తం అక్కడే ఆగుతుంది. ముందుగా రాసిపెట్టిన కథకు ఆటగాళ్లను లాక్కురావడం కన్నా ఇదే మేలైన సన్నాహమని కార్యవర్గం దృఢంగా నమ్ముతోంది.

బృందానికి ఏది ఎదురవుతుందో పాచిక వేసి తేల్చే యాదృచ్ఛిక పట్టికల కార్యశాలలో చర్చ ఎక్కువగా సంభావ్యత మీదికే వెళ్లింది. ఇరవై ముఖాల పాచిక మీద ప్రతి వరుసకూ 5 శాతం అవకాశమే కాబట్టి, అడవి పట్టికలో జింకకూ డ్రాగన్‌కూ చెరొక వరుస ఇస్తే రెండూ సమానంగా ఎదురవుతాయి. రెండు ఆరు ముఖాల పాచికలను కలిపి వేస్తే 36 ఫలితాల్లో 7 ఆరుసార్లు వస్తుంది, 2 గానీ 12 గానీ ఒక్కొక్కసారే వస్తాయి. ఆ ప్రాంతానికి సహజమైనదాన్ని మధ్య వరుసల్లో, అరుదైనదాన్ని అంచుల్లో పెట్టాలన్న నియమంతో మన పట్టికలన్నీ తిరగరాశాము. ‘ఆరు తోడేళ్లు’ అని రాసిన చోట ‘గాయపడిన వేటగాడి చుట్టూ తిరుగుతున్న ఆరు తోడేళ్లు’ అని మార్చాము, ఎందుకంటే వనరుగా నిలిచేది పరిస్థితే తప్ప జంతువుల సంఖ్య కాదు.

దీర్ఘకాలం సాగే ఆటలో లెవల్, అంటే పాత్రల శక్తిస్థాయి, పెరిగేకొద్దీ వనరుల విలువ మారిపోతుంది. ఐదో లెవల్‌లో ఫైర్‌బాల్ వంటి మంత్రాలు చేతికొస్తాయి. తొమ్మిదో లెవల్ నాటికి మృతులను బతికించే శక్తి, దూరప్రాంతాలకు మాయాద్వారం తెరిచే శక్తి కూడా వస్తాయి. అప్పటిదాకా భయపెట్టిన అడవి దారి, తిండి లెక్క, మరణం అన్నీ ఒక్కసారిగా తేలికవుతాయి. చాలా క్యాంపెయిన్లు ఈ మలుపు దగ్గరే తడబడటం మన సభ్యులకు అనుభవమే. కాబట్టి పై లెవళ్ల కోసం చేసిన సామగ్రిలో దూరాలకు బదులు రాజ్యాల మధ్య ఒప్పందాలు, పరస్పర విరుద్ధమైన బాధ్యతలు, బలంతో తేలని చిక్కులు ప్రధానంగా ఉంచాము.

ఆట మొదలుకాకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సెషన్ జీరో కోసం వాడే పత్రాన్ని కూడా సవరించాము. బల్ల మీదికి అసలు రాకూడని విషయాలనూ, తెర వెనుక జరిగినట్టు సూచించి వదిలేయవలసిన విషయాలనూ ఆరంభంలోనే అడిగి రాసుకోవడంతో పని పూర్తికాదు. ఏళ్లు గడిచేకొద్దీ మనుషుల జీవితాలు మారతాయి కాబట్టి, కథలో ప్రతి పెద్ద ఘట్టం ముగిశాక వాటిని మళ్లీ అడగాలి. కనీసం ఎంతమంది హాజరైతే ఆట నడపాలి, రాని ఆటగాడి పాత్ర ఏమవుతుంది అన్నవీ ఈ పత్రంలోనే తేల్చుకోవాలి.

హక్కుల విషయంలో సభ్యులు ప్రత్యేకంగా శ్రద్ధ వహించాలి. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రమైన సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్‌ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే ఆ పత్రంలోని నియమాలను మన సామగ్రిలో వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఈ అనుమతి ఆ పత్రానికే పరిమితం, అచ్చు పుస్తకాల్లోని మిగతా విషయానికి వర్తించదు. అందుకే ప్రచురిత సాహసాల నుంచి తీసిన మ్యాపులను ఉమ్మడి భాండాగారంలోకి స్వీకరించడం లేదు, సభ్యులు స్వయంగా గీసినవాటినే చేరుస్తున్నాము.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు చేస్తోంది. కొత్త గేమ్‌మాస్టర్ ఎవరైనా అనుభవం ఉన్న సభ్యుడి బల్ల దగ్గర కొన్ని సెషన్లు సహాయకుడిగా కూర్చుని, నమోదు పత్రాలు నింపే బాధ్యత తీసుకోవడం మొదటిది. ముగిసిన క్యాంపెయిన్ల నమోదు పత్రాలను, ఆ బల్లకు చెందిన ఆటగాళ్లందరి అనుమతితో, వ్యక్తిగత వివరాలు తొలగించి భాండాగారంలో భద్రపరచడం రెండవది. ఈ రెండింటినీ సభ్యుల చర్చకూ, ఆమోదానికీ సమర్పిస్తున్నాము.

కార్యదర్శి,
కార్యవర్గం తరఫున