ఏ జంతువు మాంసమో మెనూలో రాయండి

సంపాదకులకు నమస్కారం.

మా చిత్తూరులో ఈమధ్య బాగా ఖర్చు పెట్టి ఒక స్టేక్ హోటల్, అంటే మాంసాన్ని మందపాటి ముక్కగా పెనం మీద కాల్చి పెట్టే హోటల్, తెరిచారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి పోయిన శనివారం ఊరికొచ్చి అందరినీ అక్కడికి తీసుకెళ్ళాడు. మా వియ్యంకుడు, వియ్యపురాలు కూడా అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. నేను పశువైద్యుడిగా 31 ఏళ్ళు పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. ఆ రాత్రి జరిగింది మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందుగా ఒక మాట. హోటల్ నాకు నచ్చింది. వంటగదికి అద్దాలు పెట్టారు, లోపల ఏం జరుగుతోందో కూర్చున్నచోటి నుంచే కనిపిస్తుంది. వడ్డించే పిల్లల్లో చాలామంది గుడిపాల, యాదమరి వైపు వాళ్ళు. ఈ వయసు పిల్లలు పని కోసం బెంగళూరు, చెన్నై బస్సు ఎక్కకుండా సొంత ఊళ్ళోనే యూనిఫాం వేసుకుని నిలబడితే చూడడానికి ఎంత బాగుందో.

మెనూ మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. అందులో 'టెండర్లాయిన్ స్టేక్, 890 రూపాయలు' అని ఒక లైను. పక్కన నాన్‌వెజ్ గుర్తు. అంతే. మా వియ్యంకుడు అదేమిటని అడిగితే, వడ్డించే అబ్బాయి "చాలా మెత్తగా ఉంటుంది సార్, పెద్దవాళ్ళు కూడా ఈజీగా తినొచ్చు" అన్నాడు. లేత పొట్టేలు మాంసం అనుకుని ఆయన అదే చెప్పారు. నేను చేప చెప్పాను. నేను కూడా ఆ నిమిషంలో ఆలోచించలేదు. ఆ తప్పు నాది.

ఇనుప పెనం మీద చిటపటలాడుతూ ప్లేటు వచ్చింది. కోస్తే మధ్యలో ఎర్రగా ఉంది, నీరు కారింది. మా ఇంటావిడ "అయ్యో, రక్తం" అంది. అది రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థం నీటితో కలిసి అలా కారుతుందని చెబుతూ ప్లేటు వైపు చూశాను. అప్పుడు నా మాట ఆగిపోయింది.

టెండర్లాయిన్ అంటే వెన్నెముకకు లోపలి వైపు, నడుము దగ్గర ఉండే కండ. నడకలో దానికి పెద్దగా పని ఉండదు కాబట్టి మెత్తగా ఉంటుంది. పొట్టేలులో ఆ కండ రెండు వేళ్ళ లావు కూడా ఉండదు. ప్లేటులో ఉన్న ముక్క నా అరచేయంత ఉంది. రంగు బాగా ముదురు, నార లావు, అంచున ఉన్న కొవ్వు తెల్లగా ఉంది. ఆవు కొవ్వు మామూలుగా పసుపు తిరిగి ఉంటుంది, ఎనుము, అంటే గేదె, కొవ్వు తెల్లగా ఉంటుంది. అది ఎనుము మాంసం.

మా వియ్యంకుడు అప్పటికే రెండు ముక్కలు తిన్నారు. ఆయన కోడి, పొట్టేలు తింటారు. వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచీ పెద్ద మాంసం ముట్టరు. చెప్పాలా వద్దా అని నాకు టెన్షన్ పట్టుకుంది. చెప్పకపోతే మొత్తం తినేస్తారు. చెప్తే అంతమందిలో ఆయన ఏమైపోతారో. చివరికి ఆయన చెయ్యి పట్టుకుని, "బావగారూ, అది పొట్టేలు కాదు, ఎనుము" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఫోర్కు కింద పెట్టి, లేచి వెళ్ళి నోరు కడుక్కుని, బయట మెట్ల మీద కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి "నేనే అడగాల్సింది బావా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఆయన అడిగారు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. "టెండర్లాయిన్ అంటే ఏ జంతువుది బాబూ?" అని అడిగితే, వాడు బిత్తరపోయి "టెండర్లాయిన్ అంటే టెండర్లాయినే సార్" అన్నాడు. వాడికి ఎవరూ నేర్పలేదు. మేనేజర్ వచ్చి, బఫెలోనే అని ఒప్పుకుని, ఆ ప్లేటుకు డబ్బు తీసుకోలేదు. మర్యాదగానే మాట్లాడారు. మోసం చేశారని నేను అనను.

ఎనుము మాంసం అమ్మకూడదని కూడా నేను అనడం లేదు. తినేవాళ్ళు తింటారు, అది వాళ్ళ తిండి, మంచి తిండే. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవును కోయకూడదు. ఎనుమును కోయాలంటే అధికారి ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. అలా చట్టప్రకారం వచ్చిన మాంసానికి పేరు రాసుకోవడానికి భయమెందుకు? అడవి పంది కాదు, దొంగసరుకు కాదు. తినేవాడికీ తెలియాలి, తిననివాడికీ తెలియాలి. హలాల్ చూసుకుని తినేవాళ్ళకూ ఇదే అవసరం. పంది మాంసం ఏ వంటలో ఉందో తెలియకపోతే వాళ్ళ పరిస్థితి ఏమిటి?

ప్యాకెట్లలో అమ్మే తిండిలో పంది కొవ్వో గొడ్డు కొవ్వో కలిపితే పేరు పెట్టి రాయాలని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. పది రూపాయల ప్యాకెట్ మీద ఉండే మాట 890 రూపాయల ప్లేటు పక్కన ఎందుకు ఉండకూడదు? హోటల్ బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్స్ నంబర్ వేయాలన్న నిబంధన 2022 జనవరి నుంచి ఉంది. ఈ హోటల్ బిల్లు మీద అది శుభ్రంగా ఉంది. నిబంధన పెడితే పాటిస్తారు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి కబేళాకు వెళ్ళేవాణ్ణి. జంతువు నడకా, కళ్ళూ, ముట్టె చూడాలి. కోశాక కాలేయం చీల్చి జలగపురుగులు ఉన్నాయేమో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు ఉన్నాయేమో, గడ్డలు ఉన్నాయేమో చూడాలి. అన్నీ బాగుంటేనే తొడ మీద ముద్ర. చలికాలంలో ఆ సిరా వేళ్ళకు అంటుకుని రెండు రోజులు పోయేది కాదు. ముద్ర ఉన్న మాంసం ఎక్కడిదో చెప్పగలం. ముక్కలై, ప్లాస్టిక్‌లో గడ్డకట్టి వేరే ఊరి నుంచి వచ్చినప్పుడు ఆ ముద్ర ఎవరికీ కనిపించదు. అప్పుడు సరఫరా చేసినవాడి బిల్లే ఆధారం.

కాబట్టి ఆ హోటల్ యజమానులను నేను కోరేది చిన్న పని. మెనూలో ప్రతి మాంసం వంట పక్కన ఎనుము, పొట్టేలు, మేక, పంది, కోడి అని తెలుగులో రాయండి. వడ్డించే పిల్లలకు ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి. పిలిస్తే నేనే వచ్చి చెబుతాను, డబ్బు అక్కర్లేదు. ఒక మాంసం కాల్చిన పెనం, పట్టకారు ఇంకోదానికి వాడకండి. మున్సిపల్ ఆరోగ్య విభాగం, ఆహార భద్రత అధికారులు తనిఖీకి వెళ్ళినప్పుడు ఫ్రిజ్‌తో పాటు మెనూ కూడా తెరిచి చూడాలి. ఈ ఒక్క హోటల్ అనే కాదు, ఊళ్ళో మాంసం వండే ప్రతి హోటల్లోనూ చూడాలి.

మా వియ్యంకుడు వాళ్ళు సంక్రాంతికి మళ్ళీ వస్తున్నారు. ఆ హోటల్లో చేప చాలా బాగుంది, ఆయనకు తినిపించాలని నాకు ఉంది. మెనూలో ఆ పేర్లు కనిపిస్తే అందరం కలిసి మళ్ళీ అక్కడికే వెళతాం.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు